బుట్టబంతి, బడిపంతులు

బాస్కెట్‌బాల్ ఆట ఒక ఉపాధ్యాయుని ఇబ్బందినుండి పుట్టినది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డున, చలికాలపు కసరత్తు రుచింపక అల్లరిచేయుచున్న 18 మంది విద్యార్థులను చక్కబెట్టు భారము జేమ్స్ నైస్మిత్‌పై పడినది. గడువు రెండు వారములు. ఆయన రెండు పండ్లబుట్టలను ఎత్తున కట్టించి, 13 నియమములు వ్రాసి పెట్టెను.

1920లో హెచ్.సి. బక్ మద్రాసున వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను స్థాపించెను. అచ్చట తర్ఫీదైన డ్రిల్లుమాస్టర్లు ఇట్టి ఆటలను ఉన్నత పాఠశాలలకు కొనిపోయిరి.

సూరతునందలి కతర్‌గామ్, తాపీ నది చెంత నొకప్పటి పల్లె. వజ్రములను సానపట్టు కార్ఖానాలతో జనసమ్మర్దమైన పేటగా మారినది. ఇచ్చట సౌరాష్ట్రమునుండి వచ్చినవారు పెక్కుమంది. నగరమునకు తెలంగాణపు చేనేతవారును వలసవచ్చిరి. అందుచేతనే నగరపాలక సంస్థ గుజరాతీతోపాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమములందును బడులు నడపినది. ఇన్ని భాషల పిల్లలు మాటతో పనిలేక కలియదగిన చోటు ఆటస్థలమొక్కటే. కాని బాస్కెట్‌బాల్ ఆవరణమునకు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు కావలెను. కిక్కిరిసిన పేటలో అంత నేల దొరకుట కష్టము.

2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి బడికిని ఆటస్థలము ఉండవలెనన్నది. ఆ చట్టమే జనగణనకు, ఎన్నికలకు, విపత్తు సహాయమునకు ఉపాధ్యాయులను నియోగించుటకు అనుమతించినది. పంతులు జాబితాలు చేతబట్టి వీధులు తిరుగు దినమున బడిలో మొదట రద్దగునది లెక్కల గంట కాదు, ఆటల గంట.

నైస్మిత్‌కు లభించినది గొప్ప సాధనసంపత్తి కాదు. ఒక్క తరగతిని గూర్చియే ఆలోచించుటకు రెండు వారముల తీరిక. ప్రభుత్వ బడిపంతులునకు కొరవడినది అదియే.