చలనచిత్రములలో గర్భచిత్రము: ప్రియదర్శిని

కడప జిల్లా కమలాపురమునుండి ఇనుపదారి వెంట వాయవ్యమునకు సాగినచో తాడిపత్రి చేరుదుము. నైరృతికి మరలినచో పులివెందుల ప్రాంతము. మొదటిది కె.వి. రెడ్డిగారి జన్మస్థానము. రెండవది బి.ఎన్. రెడ్డిగారి సీమ. ఈ యిరువురి కృతులలోను ఒక ప్రదర్శనము లోపల మఱియొక ప్రదర్శనము పొదుగబడియున్నది. అట్టిదానిని ఈ వ్యాసమున గర్భచిత్రమని వ్యవహరింతును.

కె.వి. రెడ్డిగారి 'మాయాబజారు' (1957)లోని ప్రియదర్శిని పేటికను గూర్చి ఒక మాట తరచుగా వినబడును: దర్శకుడు దూరదర్శనమును ముందే ఊహించెనని. ఈ ప్రశంస నిలువదు. ఢిల్లీలో ఆ ప్రసారములు 1959లో మొదలైనను, లండనులో 1936లోనే ఆరంభమైనవి. అంతకన్న ముఖ్యమైన విషయము వేఱొకటి గలదు. దూరదర్శనము ఎక్కడనో జరుగుదానిని చూచువారందరికి ఒకే తీరున చూపును. ప్రియదర్శిని అట్లు చూపదు. చూచువాని మనస్సున ఏది ప్రియమో దానినే చూపును. అందు బలరామునకు దుర్యోధనుడు, రేవతికి ఆభరణములు, శశిరేఖకు అభిమన్యుడు గోచరింతురు. కృష్ణునకో, శకుని! ప్రేక్షకుడు నవ్వును, కాని రాబోవు కథయంతయు ఆ నాలుగు దృశ్యములలోనే సూచితమైనది. పేటిక పరీక్షించునది లోకమును గాదు, ద్రష్టను.

ఈ కల్పనకు పూర్వరూపములను యంత్రశాస్త్రమున గాక నాటక వాఙ్మయమున వెదకవలెను. భవభూతి ఉత్తరరామచరితమున సప్తమాంకమందు వాల్మీకి కృతమగు నాటకమును అప్సరసలు ప్రదర్శింపగా రాముడు చూచి మూర్ఛిల్లును. శ్రీహర్షుని 'ప్రియదర్శిక' తృతీయాంకమున గర్భనాటకము గలదు. అందు తన పాత్రను తానే ధరించి వత్సరాజు ప్రవేశించును, అభినయము అనురాగమగును. మాయాబజారులో పేటిక నడుమనుండగా శశిరేఖాభిమన్యులు యుగళగీతము పాడుకొనుటయు ఇట్టిదే. చూచువారికి, చూడబడువారికి నడుమనున్న హద్దు చెరిగిపోవుచున్నది. పేరులలోని సామ్యమునుబట్టి ఋణమును నిర్ణయింపరాదు. ప్రయోజనమున సామ్యము మాత్రము స్పష్టము.

బి.ఎన్. రెడ్డిగారి 'మల్లీశ్వరి' (1951)లో ఈ పని యక్షగానము చేయుచున్నది. ప్రియునకు దూరమై రాచనగరున నున్న నాయిక కథలో ఉషాపరిణయము ప్రదర్శింపబడును. స్వప్నమున చూచిన వానిని చిత్రలేఖ చిత్రించి చూపగా ఉష గుర్తించును. ఆ కథయందును చిత్రము హృదయమునకు సాక్షి. రచయిత దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు నాయిక నోట చెప్పింపరానిదానిని పురాణకథచే చెప్పించిరి.

ఇటీవలి 'శ్యామ్ సింగరాయ్' (2021)లో గర్భచిత్రము నిజముగనే చలనచిత్రము. కథానాయకుడు దర్శకుడు, అతడు తీసిన చిత్రము చౌర్యమని అభియోగము వచ్చును. తుదకు అది అతని పూర్వజన్మ స్మృతియని తేలును. ఇచట బయటపడినది చూచువాని హృదయము గాదు, నిర్మించినవాని హృదయము. అరువది నాలుగేండ్లలో వచ్చిన మార్పు ఇది. అయినను మూలధర్మము చెడలేదు: లోపలి చిత్రము దాచిన సత్యమును వెలికి దెచ్చుటకే పుట్టినది.

కావున ప్రియదర్శినిని రాబోవు యంత్రమునకు జోస్యముగా బోధించుట మాని, గర్భాంక సంప్రదాయమున నిలిపి బోధించుట యుక్తము. అట్లు చేయనిచో, మన దర్శకుని గొప్పతనమును పొగడుచునే, అతడు ఏ వాఙ్మయ సంప్రదాయమున నిలిచి ఆ పేటికను తెఱచెనో విద్యార్థులకు మరుగుపఱచినవారమగుదుము.