బొమ్మల పుస్తకములలో అల్లరి పిల్లలు

గ్రంథాలయమునకు వచ్చు పసివారు మొదట చేయి చాచునది బొమ్మల పుస్తకమునకే. అందును అల్లరి పిల్లవాని కథ యున్నచో ఆ పుస్తకము అట్టలూడువరకు చేతులు మారుచుండును. ఇట్టి వానిలో నేటికిని పేరుగన్న రెండు పుస్తకములు జర్మను భాషలో ఇరువది యేండ్ల యెడముతో పుట్టినవి.

1844వ సంవత్సరపు క్రిస్మసు పండుగకు ఫ్రాంక్‌ఫర్టు నగర వైద్యుడు హైన్రిహ్ హోఫ్‌మన్ తన మూడేండ్ల కుమారునకు పుస్తకమొకటి కొనదలచి అంగళ్లు తిరిగెను. పసివానికి నచ్చునది యొక్కటియు కానరాలేదు. తుదకు తెల్లకాగితముల పుస్తకము కొనితెచ్చి, బొమ్మలు తానే గీసి, పద్యములు తానే కట్టెను. వైద్యుని జూచి బెదరు పిల్లలను బొమ్మలు గీసి ఊరడించుట ఆయనకు అలవాటే. మిత్రుల ప్రోద్బలముచే అది 1845లో అచ్చుపడెను. గోళ్లు తీయనీయక, తల దువ్వనీయక నిలిచిన పిల్లవాని పేరిట 1847 నుండి ‘స్ట్రువెల్‌పీటర్’ అని ప్రసిద్ధికెక్కెను.

హోఫ్‌మన్ ఉద్దేశము నవ్వించుటయే. కాని ఆయన పుస్తకమున అల్లరిని శిక్ష వెన్నంటియే యుండును. సూపు త్రాగనని మొండికేసిన బొద్దు పిల్లవాడు దినదినము చిక్కి ఐదవనాడు మరణించును. అగ్గిపుల్లలతో ఆడిన బాలిక బూడిదయగును. ఆమె పిల్లులు రెండును ప్రక్కన కూర్చుండి కన్నీరు కార్చును. బొటనవ్రేలు చీకు బాలుని వ్రేళ్లను దర్జీ పెద్ద కత్తెరతో కత్తిరించును. ఈ కత్తెర బొమ్మను జూచి నవ్విన పిల్లలెందరో, రాత్రి ఉలికిపడి లేచినవారెందరో!

1865లో మ్యూనిక్ నగరమున విల్‌హెల్మ్ బుష్ ప్రకటించిన ‘మాక్స్ మరియు మోరిట్జ్’ తీరు వేరు. డ్రెస్డెను ప్రకాశకుడొకడు దీనిని త్రోసిపుచ్చెను. మ్యూనిక్‌లోని కాస్పర్ బ్రౌన్ ఒక్కసారిగా వేయి గుల్డెనులిచ్చి హక్కులన్నియు కొనివేసెను. తొలుత అమ్మకము మందగించినను, 1908లో బుష్ మరణించునాటికి 56 ముద్రణములు, 4,30,000 ప్రతులు వెలువడినవి. ఆ లాభమున ఆయనకు వాటా లేదు.

ఆనాడు గట్టి చెక్క దిమ్మెపై బొమ్మ గీసి, గీతలు మాత్రము ఉబ్బియుండునట్లు తక్కిన చెక్కను తొలిచెడివారు. అట్టి దిమ్మెను సీసపు అక్షరములతో కూడ ఒకే చట్రమున బిగించి అచ్చొత్తవచ్చును. అందుచే బుష్ రచనలో బొమ్మయు పద్యమును ఒకదాని వెంట నొకటి పరుగిడును. చదువురాని పిల్లవాడును కథను పట్టుకొనగలడు.

కథలో ఇద్దరు బాలురు ఏడు అల్లరిపనులు చేయుదురు. రొట్టెముక్కలను దారములతో ముడివేసి విధవరాలి కోళ్లను చంపుదురు. ఆమె దుఃఖముతోనే వానిని వేయించుకొనగా, పొగగొట్టము గుండ గాలము దింపి లాగుకొందురు. దెబ్బలు మాత్రము ఏమియు నెరుగని కుక్కకు! ఉపాధ్యాయుని చుట్టగొట్టములో తుపాకిమందు కూరుదురు. తుదకు వారును మరలో పిండియై బాతులకు ఆహారమగుదురు. శిక్ష హోఫ్‌మన్ కథలకంటె క్రూరమే. అయినను ఊరిలో ఒక్కరును విచారింపరు. ఎవరికి వారు తామే నీతిమంతులమని తలయూపుదురు. బుష్ నవ్వినది పిల్లలను జూచి కాదు, ఆ తలయూపువారిని జూచి.

ఈ సంగతిని కొందరు విద్యావేత్తలు పసిగట్టిరి కాబోలు, పుస్తకము పిల్లలను చెరచునని మొరపెట్టిరి. 1929లో ఆస్ట్రియాలోని స్టైరియా విద్యాధికారులు 18 ఏండ్లలోపు వారికి దీనిని అమ్మరాదనిరి. అప్పటికే ఆ బాలురు సముద్రము దాటియుండిరి. 1897లో రుడాల్ఫ్ డర్క్స్ వారి పోలికనే హాన్స్, ఫ్రిట్జ్ అను కవలలను న్యూయార్కు పత్రికలో ప్రవేశపెట్టెను. అచట ప్రాణము తీయు శిక్ష పోయి వీపుపై దెబ్బలు మిగిలినవి. మరుసటి వారము మరల అల్లరి చేయవలెను గదా!

తెలుగున 1956లో ఆంధ్ర సచిత్ర వార పత్రికయందు ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ వెలువడసాగెను. దీనిని బొమ్మల పుస్తకమనుట పూర్తిగా ఒప్పుకాదు. బాపు బొమ్మలు లేక దానిని ఊహించుటయు సాధ్యము కాదు. హోఫ్‌మన్, బుష్ కథలలో పెద్దవాడు పిల్లల సంగతి చెప్పును. ఇచట కథ చెప్పువాడు బుడుగే. తీర్పు చెప్పవలసిన పెద్దలే అతని నోట విచారణకు వత్తురు: తల్లి రాధ, తండ్రి గోపాళం, బామ్మ, బాబాయి, తుదకు ప్రక్కింటి లావుపాటి పిన్నిగారి మగడు సైతము.