రెండు సీడీల నవ్వు

హైదరాబాద్ తన యాసలో తానే నవ్వుకున్న కాలం ఒకటుండేది. ఎక్కువ రోజులు నిలవలేదు. 2006లో ‘ది అంగ్రేజ్’తో అందుకున్న ఊపు పదేళ్లు తిరగకుండానే చల్లారిపోయింది. ఆ సినిమాను ఇంటింటికీ చేర్చింది సీడీ. దాని వెనక వచ్చిన సినిమాల గొంతు నొక్కిందీ ఆ సీడీయే. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట్ గల్లీల్లో ఉన్నవాళ్లం ఆ రెండూ కళ్లారా చూశాం.

‘ది అంగ్రేజ్’ దర్శకుడు కుంట నిఖిల్, నిర్మాత శ్రీధర్ రావు. కథ చెప్పుకోవాలంటే రెండు మాటలు చాలు. అమెరికా నుంచి ఇద్దరు కుర్రాళ్లు ఐటీ ఉద్యోగానికి హైదరాబాద్ వస్తారు. చార్మినార్ చూడబోయి అక్కడి గ్యాంగుతో గొడవ పడతారు. ఆ గ్యాంగు వీళ్లను వెతుక్కుంటూ బయల్దేరుతుంది. అమెరికా కుర్రాళ్లుగా నిఖిల్, గణేశ్ వెంకట్రామన్ వేశారు. ఆ గణేశ్‌నే తర్వాత ‘డమరుకం’లో చూశాం. గ్యాంగు పెద్ద ఇస్మాయిల్ భాయ్‌గా ధీర్ చరణ్ శ్రీవాస్తవ్, కోతల రాయుడు సలీం ఫేకుగా మస్త్ అలీ, జహంగీర్‌గా అజీజ్ నాసర్. పెద్ద హీరో లేడు, విదేశాల్లో పాటల్లేవు. చాయ్ ముందు పెట్టుకుని పనీపాటా లేని నలుగురు మాట్లాడుకోవడమే సినిమాకు ప్రాణం.

ఆ మాటల్లో ఉంది మహిమంతా. పాతబస్తీలో ఉన్న మాట, హైటెక్ సిటీలో లేని మాట. ఇస్మాయిల్ భాయ్‌కి తన పరువు తప్ప వేరే ఆస్తి లేదు. దాన్ని కాపాడుకోవడానికి పూట పూటా కొత్త తిప్పలు. సలీం ఫేకు చెప్పేవన్నీ అబద్ధాలే, కానీ వినేవాళ్లకు ఆ సంగతి తెలుసు, తెలిసీ వింటారు. అతని బడాయి లేకపోతే వాళ్ల రోజు గడవదు. ఊరు ఒక పక్క అద్దాల మేడలుగా పెరిగిపోతుంటే ఇంకో పక్క మిగిలిపోయినవాళ్ల దిగులు ఈ వేళాకోళం కింద పారుతూనే ఉంటుంది. నేను దీన్ని ఈ నగరం మీద వచ్చిన మంచి సినిమాల్లో ఒకటిగా లెక్కేస్తాను. కామెడీ అని పక్కన పెట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది.

ఈ నవ్వుకు వంశం లేకపోలేదు. ‘గుమ్నామ్’లో మెహమూద్ హైదరాబాదీ యాసతో దేశమంతటినీ నవ్వించిన 1965లోనే, ఇక్కడ బబ్బన్ ఖాన్ ‘అద్రక్ కే పంజే’ నాటకం మొదలుపెట్టారు. బీద గుమాస్తా, చాలా మంది పిల్లలు, అప్పులవాళ్లు. ఆ నాటకం 2001 దాకా ఆడింది, గిన్నిస్ బుక్కులోకీ ఎక్కింది. ఇంకా వెనక్కి పోతే ధీరేంద్రనాథ్ గంగూలీ కనిపిస్తారు. విదేశం నుంచి తిరిగొచ్చినవాడి పోకడల మీద 1921లో కలకత్తాలో తీసిన మూకీ కామెడీలో ఆయనే నాయకుడు. 1922లో హైదరాబాద్ వచ్చి లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి, నిజాం ఆదరణతో వరసగా సినిమాలు తీశారు. 1924లో ‘రజియా బేగం’ ఆడించినందుకు నిజాంకు కోపం వచ్చి ఊరు విడిచి పొమ్మన్నారు. ఆయన కలకత్తా వెళ్లిపోయారు. హైదరాబాద్ తొలి సినిమా కంపెనీ రెండేళ్లలో కూలిపోయింది. చాలా కాలానికి, 1975కి గాను, ఆయనకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఇచ్చారు. ఊరొదిలి పొమ్మన్న ఆజ్ఞతో ఒక పరిశ్రమ పోయింది. రెండోది పోవడానికి ఏ ప్రభువు ఆజ్ఞా అక్కర్లేకపోయింది.

2006లో మా గల్లీల్లో సీడీ రాజ్యం చేస్తోంది. క్యాసెట్లు మూలపడ్డాయి. చైనా ప్లేయర్లు చవగ్గా దొరుకుతున్నాయి. ఒక వీసీడీలో పట్టేది 74 నిమిషాలు, అందుకే రెండు గంటల సినిమాకు రెండు సీడీలు. మొదటిది అయిపోగానే ఎవరో ఒకరు లేచి మార్చాలి. గీత పడితే బొమ్మ గడులు గడులుగా విరిగిపోయి ఆగిపోతుంది, తీసి లుంగీకి తుడిచి మళ్లీ పెట్టాలి. బొమ్మ నాణ్యం కూడా అంతంతే, అడ్డంగా 352 చుక్కలు, నిలువుగా 288. మాటల మీద నడిచే సినిమాకు అది సరిపోయింది. ‘అంగ్రేజ్’కు సీడీ అంతగా అతకడానికి అదొక కారణమని నా నమ్మకం. దాన్ని చూడటం కంటే వినడం ఎక్కువ. ఒకసారి విన్న మాటను ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విని, మరునాడు హోటల్ దగ్గర అప్పజెప్పడం.

“అన్నా, అంగ్రేజ్ ఉందా?”

“ఒకటోది ఉంది. రెండోది బయటికి పోయింది. సాయంత్రం రా.”

కిరాయి దుకాణాల్లో ఆ రోజుల్లో నడిచిన బేరం ఇది. ఒక సీడీ మీద ఎన్ని ఇళ్లు నవ్వాయో లెక్క లేదు. తెలుగు, ఉర్దూ, మరాఠీ, తమిళం ఒకే నల్లా దగ్గర కలిసే పేట మాది. ఇంట్లో ఏ భాషైనా, గల్లీలోకి వస్తే అందరికీ దక్కనీ ఉర్దూ వచ్చు. తెలుగు సినిమా మా మాటను ఎప్పుడూ రౌడీకో నౌకరుకో ఇచ్చింది. అలాంటి మాటకు ఒక పూర్తి సినిమా ఇచ్చారన్న సంతోషం మామూలుది కాదు. గల్ఫ్‌లో ఉన్న అన్నలకు, అమెరికాలో ఉన్న బామ్మర్దులకు సామాన్లలో కారం పొడితో పాటు ఈ సీడీలూ వెళ్లాయి.

అందులో ఎక్కువ భాగం దొంగ సీడీలు. ఇక్కడే కథ తిరగబడింది.

పెద్ద తెలుగు సినిమా రాష్ట్రమంతా ఆడుతుంది. దొంగ ప్రింటు కొంత తిన్నా నిర్మాత ఒడ్డున పడతాడు. దక్కనీ సినిమాకు ఉన్నది ఈ జంట నగరాలు, మహా అయితే పాత నిజాం జిల్లాల్లో నాలుగు ఊళ్లు. థియేటర్లో వచ్చేది తక్కువ కాబట్టి ఇంటి వీడియో మీద వచ్చేదే అసలు ఆధారం కావాలి. ఆ ఆధారాన్నే కోఠీ ఫుట్‌పాత్ మీద, మన సికింద్రాబాద్ సందుల్లో కుప్పలు పోసి అమ్మేశారు. ఖాళీ సీడీ, రైటర్ ఉన్న కంప్యూటర్, రంగు కాగితం మీద అచ్చేసిన అట్ట. ఇంతే పెట్టుబడి. ఫిల్మ్ ఛాంబర్ వాళ్ల యాంటీ వీడియో పైరసీ సెల్ దాడులు చేసేది, పోలీసులు సంచుల కొద్దీ పట్టుకునేవాళ్లు, మరో వారానికి మరో మూల దుకాణం తెరుచుకునేది. కొన్నవాళ్లకు అది దొంగతనమనే తోచలేదు. సినిమా మీద ప్రేమతోనే కొన్నారు. ఆ ప్రేమలో ఒక్క పైసా తీసినవాళ్లకు చేరలేదు.

2006లోనే లక్ష్మీకాంత్ చెన్న ‘హైదరాబాద్ నవాబ్స్’ తీశారు. అదీ నడిచింది. ఆ పైన వరద. 2007లో వచ్చిన ‘ఎఫ్ఎం ఫన్ ఔర్ మస్తీ’తో గుల్లు దాదా అనే పాత్ర పుట్టింది, అద్నాన్ సాజిద్ ఖాన్‌కు అదే ఇంటిపేరైపోయింది. ఏడాదికి ఎన్నో కొత్త పోస్టర్లు, అవే ముఖాలు, అదే చబూత్రా అరుగు, అదే బడాయి. డబ్బు తిరిగి రాదని తెలిశాక నిర్మాత తొందరపడతాడు. తొందరలో రాసిన మాట పలచబడుతుంది. పలచబడ్డ సినిమాకు జనం థియేటర్‌కు రారు, సీడీ దొరికిందాకా ఆగుతారు. ఈ సుడిలో ఒక పక్క నిజమైన ప్రతిభ ఉన్న నటులు, ఇంకో పక్క వాళ్లంటే ప్రాణం పెట్టే ప్రేక్షకులు. మధ్యలో డబ్బు దారి ఒక్కటే తెగిపోయింది.

మోజర్ బేర్ కంపెనీ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34కు అమ్మడం మొదలుపెట్టింది 2007లో. ఒరిజినల్‌ను దొంగ సీడీ ధరకే ఇవ్వాలన్న ఆలోచన అది. ‘అంగ్రేజ్’ నాటికే ఆ ధర ఉండుంటే అని ఎన్నోసార్లు అనుకున్నాను. అప్పటికే ఆ సినిమా ప్రతి ఇంట్లో ఉంది, మళ్లీ కొనేవాడెవడు? ఆ కంపెనీ కూడా నిలవలేదు. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, సినిమా ఫోన్‌లోకి దూరింది. 2018లో మోజర్ బేర్ ఆస్తులు అమ్మేసి మూసేయమని ట్రిబ్యునల్ ఆదేశించింది.

వేరే చోట ఇలాగే పడిపోయిన కామెడీ లేచి నిలబడటం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మాంకీస్ అనే అమెరికా రాక్ బృందం 1968లో ‘హెడ్’ అనే కామెడీ తీసింది. దర్శకుడు బాబ్ రాఫెల్సన్, ఆయనతో కలిసి రాసింది జాక్ నికల్సన్. థియేటర్లలో దారుణంగా దెబ్బతింది. ఆ ఏడాది చివరికే బృందంలో ఒకరు వెళ్లిపోయారు. అంత పతనమైన సినిమాను ఇంటి వీడియో బతికించింది. 2010లో క్రైటీరియన్ సంస్థ దాన్ని శుభ్రం చేసి మంచి పెట్టెలో పెట్టి అమ్మింది. అక్కడ డిస్కు సినిమాను ఒడ్డుకు లాగింది. మన దగ్గర అదే డిస్కు ముందు నెత్తిన పెట్టుకుని తిప్పి, తర్వాత నడి నీళ్లలో వదిలేసింది.

మా పేట మెట్లబావిని చూసినప్పుడల్లా ఈ సంగతే మెదులుతుంది. ఒకప్పుడు ఈ పేట పేరు నాగన్నకుంట. 1933లో బ్రిటిష్ రెసిడెంట్ కీస్ ఇక్కడ కొత్త పేట వేయించినప్పుడు డబ్బిచ్చిన సేఠ్ బన్సీలాల్ పేరు దీనికి పెట్టారు. పదిహేడో శతాబ్దపు బావి దశాబ్దాల పాటు చెత్తతో పూడిపోయింది. టన్నుల కొద్దీ తోడి, 2022 డిసెంబర్‌లో మళ్లీ తెరిచారు. అడుగున మెట్లు మెట్లుగానే ఉన్నాయి, ఊట కూడా ఉంది. రాయికి ఆ ఓపిక ఉంది. సీడీకి లేదు. గీతలు పడి, పూత లేచి, చివరికి పంట చేల మీద పిట్టల్ని బెదిరించడానికి దారానికి కట్టుకునే బిళ్ల అయింది. బావిని బతికించడానికి అందరూ కలిసొచ్చారు, మంచి పని. అదే ఊరు తన మాటను భద్రం చేసుకోవడానికి ఒక గది, ఒక గుమాస్తా, మంచి ప్రింట్లు వెతికి కొనే కొంత సొమ్ము కేటాయించలేదా?

నిఖిల్ 2015లో ‘ది అంగ్రేజ్ 2’ తీశారు. మొదటిదానిలా జనం నోళ్లలో నానలేదు. 2019లో ‘హైదరాబాద్ నవాబ్స్ 2’ వచ్చింది. అప్పటికి కిరాయి దుకాణాల షట్టర్ల కింద ఫోన్ కవర్లు, రీఛార్జులు అమ్ముతున్నారు.

మస్త్ అలీ, అజీజ్ నాసర్ లాంటివాళ్లు కనిపిస్తే జనం ఇప్పటికీ చుట్టుముట్టి పాత్ర పేరుతోనే పిలుస్తారు. మా గల్లీ పోరలు ఈరోజుకీ ఒకరినొకరు సలీం ఫేకు అని ఆట పట్టించుకుంటారు. వాళ్లలో చాలా మంది 2006 తర్వాత పుట్టినవాళ్లు, సినిమా మొత్తం చూసినవాళ్లు తక్కువ. ఫోన్‌లో అర నిమిషం ముక్కలు చూశారు, ఒకరి నుంచి ఒకరికి పంపుకున్నారు. ఆ ముక్కల మీద వాటిని ఎక్కించినవాడి పేరుంది. కుంట నిఖిల్ పేరు లేదు, శ్రీధర్ రావు పేరు లేదు.