పేరు ప్రఖ్యాతులను తెలిపే ఆంగ్ల పదాలు

ఒక వ్యక్తి గాని, ఊరు గాని, వస్తువు గాని లోకానికి ఏ పేరుతో, ఏ విధంగా తెలిసి ఉన్నదో చెప్పుటకు ఇంగ్లీషు భాషలో అనేక పదాలు ఉన్నాయి. వీటిలో ఫేమ్, రినౌన్, రెప్యుటేషన్, సెలబ్రిటీ, ప్రెస్టీజ్, నొటోరియస్, ఇన్‌ఫమస్, ఎపొనిమ్ అనేవి ముఖ్యమైనవి. తెలుగులో "పేరు" అనే ఒక్క మాట మంచికీ చెడుకూ కూడా సరిపోతుంది. పేరుపొందిన వైద్యుడు అంటాము, పేరుమోసిన దొంగ అనీ అంటాము. ఇంగ్లీషులో అలా కుదరదు. పదాన్ని ఎంచుకొనేటప్పుడే ఆ మనిషిని మెచ్చుకుంటున్నామా, నిందిస్తున్నామా అన్నది తేల్చుకోవలసి ఉంటుంది. ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా పల్నాటి చరిత్ర నుండి, అనగా 2022లో నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లా ప్రాంతం నుండి తీసుకొనబడినవి.

పదాల పుట్టుక

ఫేమ్ అనే మాటకు మూలం లాటిన్ భాషలోని "ఫామా". దీనికి మొదటి అర్థం జనశ్రుతి, పుకారు. మాట్లాడుట అనే అర్థం గల ధాతువు నుండి ఇది పుట్టినది. రోమన్ల పురాణాలలో ఫామా ఒక దేవత. ఆమె ఒళ్ళంతా కళ్ళు, చెవులు, నాలుకలు ఉంటాయని వర్జిల్ మహాకవి వర్ణించాడు. నిజాన్నీ అబద్ధాన్నీ ఆమె ఒకే విధంగా మోసుకొనిపోతుంది. సంస్కృతంలో కూడా ఇదే ధోరణి కనబడుతుంది. కీర్తి, సంకీర్తన అనే మాటలు రెండూ చెప్పుట, పొగడుట అనే అర్థం గల ఒకే ధాతువుకు చెందినవి. ఖ్యాతి కూడా చెప్పుట నుండి వచ్చినదే. కీర్తిని తెలిపే వైదిక పదం "శ్రవస్" మాత్రం వినుట నుండి పుట్టినది. గ్రీకు భాషలోని "క్లెయోస్" దీనికి జ్ఞాతి పదం.

రినౌన్ పాత ఫ్రెంచి భాష నుండి వచ్చినది. మళ్ళీ మళ్ళీ పేరెత్తుట అని దీని భావం. ఈ పదాన్ని మంచి పేరుకే వాడతారు. వినుకొండలో 1895లో జన్మించిన గుర్రం జాషువా విషయంలో ఈ మాట చక్కగా అమరుతుంది. ఆయనకు కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి అనే బిరుదులు ఉన్నాయి. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగాడు. 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ లభించాయి. అయినను సభలలో దక్కిన రినౌన్ సభ వెలుపల మర్యాదగా మారలేదు. అస్పృశ్యతను ఆయన జీవితమంతా ఎదుర్కొన్నాడు. 1941లో వెలువడిన గబ్బిలం కావ్యానికి ఈ బాధే మూలం. కనుక కీర్తి, మర్యాద అనే వాటిని పర్యాయపదాలుగా వ్రాయుట సరికాదు.

సెలబ్రిటీ పదానికి మూలమైన లాటిన్ మాటకు జనసమ్మర్దం గలది అని అర్థం. ఈ లెక్కన మహాశివరాత్రికి ప్రభలు కట్టుకొని జనం తరలివచ్చే కోటప్పకొండ తిరునాళ్ళకే ఆ మాట ఎక్కువగా తగును. వ్యక్తులను సెలబ్రిటీ అనుట తరువాతి కాలపు వాడుక.

ప్రెస్టీజ్ కథ విచిత్రమైనది. దాని లాటిన్ మూలానికి గారడీవాని కనికట్టు అని అర్థం. ఇప్పుడు దానిని ప్రతిష్ఠ అని అనువదిస్తున్నాము.

రెప్యుటేషన్, పరపతి

రెప్యుటేషన్ అనగా లెక్కవేసి చూచుట. కంప్యూటర్ అనే మాటలోనూ ఇదే ధాతువు ఉన్నది. ఫేమ్ ఎంతమందికి తెలుసు అన్నదానిని చెబితే, రెప్యుటేషన్ తెలిసినవారు ఏమనుకుంటున్నారు అన్నదానిని చెబుతుంది. ఊరు దాటి ఎవరికీ తెలియని రైతుకు ఫేమ్ లేకపోవచ్చును, రెప్యుటేషన్ మాత్రం ఉంటుంది. దీనికి తెలుగులో దగ్గర మాట పరపతి. పలుకుబడి, మంచిపేరు అనే అర్థాలతో పాటు అప్పు పుట్టే శక్తి అని కూడా దీనికి అర్థం ఉన్నది. సహకార పరపతి సంఘం అనే పేరులో ఉన్నది ఆ పరపతియే. మనిషి మాటను లెక్కగట్టి అప్పు ఇచ్చే పద్ధతి రెండు భాషలలోనూ ఇలా పదంగా మిగిలినది. నిఘంటువులు ఈ పోలికను ఎత్తిచూపితే విద్యార్థులకు మేలు కలిగేది.

ప్రాంతాలకు కూడా రెప్యుటేషన్ ఉంటుంది. "పల్నాటి పౌరుషం" అనే నానుడి ఒకప్పుడు పొగడ్త. ముఠాకక్షల వార్తలలో అదే మాట నిందగా వినబడుతుంది.

నొటోరియస్, ఇన్‌ఫమస్

నొటోరియస్‌కు మూలార్థం "తెలిసినది" అని మాత్రమే. బహిరంగంగా సాగిన స్వాధీనాన్ని చెప్పేటప్పుడు న్యాయశాస్త్రంలో ఈ తటస్థార్థం ఇంకా నిలిచి ఉన్నది. మామూలు వాడుకలో చెడుగా పేరుమోసిన అనియే అర్థం. ఇన్‌ఫమస్ అంటే అపకీర్తి పాలైనది. ప్రసిద్ధి లేనిది అని చాలామంది పొరబడతారు.

ఈ పదాలతో ఎంత జాగ్రత్త వహించాలో నాయకురాలు నాగమ్మ విషయంలో తెలుస్తుంది. పన్నెండవ శతాబ్దిలో గురజాల ప్రభువైన నలగామరాజుకు ఆమె మంత్రిణి. మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు నిలిచాడు. కోడిపందెం, అరణ్యవాసం, చివరకు కారంపూడి యుద్ధం జరిగినవి. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు ఆరంభమయ్యే వీరారాధనలో వీరవిద్యావంతులు పాడే కథలో బ్రహ్మనాయుడు విష్ణ్వంశ సంభూతుడు, నాగమ్మ కపటి. శ్రీనాథుని పేరుతో ఉన్న పల్నాటి వీరచరిత్ర కూడా ఆమెకు అనుకూలం కాదు. అందుచేత ఇంగ్లీషులో వ్రాసేవారు ఆమెను సులభంగా నొటోరియస్ అనగలరు. కాని ఆ కాలంలో ఒక స్త్రీ రాజ్యపు మంత్రిత్వం నెరపిన సంగతిని ఆ పదం కప్పివేస్తుంది. ఆమె కథను మనకు అందించినది ఎదుటి పక్షాన్ని కొలిచే గాయకులే. ఫేమస్ అనుట ఇక్కడ న్యాయం. నాయకురాలు అనేది ఆమె పదవిని తెలిపే మాటయే అయినా పల్నాటిలో ఆ మాట అంటే చాలు, ఆమెయే అని అర్థం. 1947, 1966 సంవత్సరాలలో వచ్చిన పల్నాటి యుద్ధం చలనచిత్రాలలో ఈ పాత్రను వరుసగా కన్నాంబ, భానుమతి ధరించారు.

ఇదే కథలో బ్రహ్మనాయుడు కుమారునిగా ఆదరించిన వీరుడు కన్నమదాసు. జనం నోట ఆయన పేరు ముందు నేటికీ కులం పేరు చేరియే ఉన్నది. చాపకూడుతో అందరినీ ఒక్క పంక్తిలో కూర్చుండబెట్టిన కథలోని వీరుని పేరుకు ఇట్లు జరిగినది.

ఎపొనిమ్

ఒకరి పేరు మరొకదానికి పేరైనప్పుడు దానికి మూలమైన వ్యక్తిని ఎపొనిమ్ అంటారు. నరసరావుపేటకు మల్‌రాజు వంశపు జమీందారు నరసారావు, నాగార్జునసాగర్‌కు ఆచార్య నాగార్జునుడు ఎపొనిమ్‌లు. పేర్లు క్రియలుగా మారుట కూడా కలదు. 1880లో ఐర్లండులో కౌలురైతులు వెలివేసిన భూస్వామి ప్రతినిధి కెప్టెన్ బాయ్‌కాట్ పేరే బాయ్‌కాట్ అనే మాట అయినది. నాలుగు దశాబ్దాల తరువాత పల్నాటి పుల్లరి ఉద్యమంలో ప్రజలు ప్రభుత్వోద్యోగులపై ఇదే ఆయుధాన్ని ప్రయోగించారు. 1922లో కాల్పులలో మరణించిన కన్నెగంటి హనుమంతు ఆ ఉద్యమ నాయకుడు.

వాడుకలో పొరపాట్లు

రినౌన్ నామవాచకం. "ప్రఖ్యాత కవి" అనుటకు రినౌన్డ్ పోయెట్ అని వ్రాయాలి. నాపరాయికి ప్రసిద్ధి అన్నప్పుడు ఫేమస్ ఫర్, కవిగా ప్రసిద్ధుడు అన్నప్పుడు ఫేమస్ యాజ్ అని వాడాలి. నేమ్‌సేక్ అంటే అదే పేరు గల మరొక వ్యక్తి. "పేరుకు మాత్రమే" అనే అర్థంలో ఫర్ నేమ్‌సేక్ అనుట మన దేశంలో స్థిరపడిన తప్పు. "మీ గుడ్ నేమ్ ఏమిటి" అనే ప్రశ్న హిందీలోని శుభనామ్‌కు అనువాదం. ఇంగ్లండులో గుడ్ నేమ్ అంటే పరువు. అక్కడివారికి ఆ ప్రశ్న వింతగా తోచును.