బ్లాటెన్

బ్లాటెన్ స్విట్జర్లాండు దేశములోని వాలిస్ రాష్ట్రమునకు చెందిన చిన్న గ్రామము. ఇది లోచెన్‌తాల్ లోయలో, లోంజా నది ఒడ్డున, సముద్రమట్టమునకు సుమారు 1,540 మీటర్ల ఎత్తున కలదు.

జనజీవనము
ఇక్కడివారి భాష జర్మన్ మాండలికము. పూర్వము రై ధాన్యము, పశుపోషణ వీరి జీవనాధారములు. వేసవిలో పశువులను కొండపై పచ్చికబయళ్ళకు తోలుకొనిపోయేవారు. 1913లో లోచ్‌బెర్గ్ సొరంగ రైలుమార్గము వచ్చువరకు లోయకు రాకపోకలు బహు తక్కువ. శీతకాలాంతమున కొయ్య ముసుగులు, మేకతోళ్ళు ధరించి తిరుగు వేడుక ప్రసిద్ధము.

2025 విపత్తు
పైనున్న పర్వతశిలలు విరిగి బిర్చ్ హిమానీనదముపై పడుచుండుటచే, మే 19న సుమారు 300 మంది గ్రామస్థులను, పశువులను ముందుగానే తరలించారు. మే 28న హిమానీనదము కూలి, ఊరిలో దాదాపు 90 శాతము రాళ్ళు, మంచు, బురద క్రింద పూడిపోయినది. నదికి అడ్డుపడుటచే మిగిలిన ఇండ్లు పెక్కు నీట మునిగినవి. ఒక వ్యక్తి మరణించాడు. ముందుజాగ్రత్త వలన తక్కిన వారి ప్రాణములు దక్కినవి. గ్రామమును తిరిగి నిర్మించుటకు స్థానికులు సంకల్పించారు.