పడనిది పసిగట్టే పట్టీ

మన భాషలో ఒక చిన్న క్రియ ఉంది: పడు. “నాకు వంకాయ పడదు” అంటాం. “ఆ అన్నదమ్ములకు పడదు” అనీ అంటాం. తిండికీ ఒంటికీ మధ్య వచ్చే తగవును మనుషుల మధ్య తగవుతో సమానంగా చూసిన భాష మనది. వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906లో రెండు గ్రీకు మాటలు అతికించి ‘అలర్జీ’ అనే పదాన్ని పుట్టించాడు. అన్యమైన చర్య అని దాని అర్థం. మన అమ్మమ్మలకు ఆ గ్రీకు సంధి అక్కరలేకపోయింది. ‘పడదు’ అన్న మూడు అక్షరాలతో పని జరిగిపోయేది.

ఈ మాట మీద ఒక టపా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. మేడ్చల్ దగ్గర ఒక పెళ్ళి దానికి ముహూర్తం పెట్టింది.

మా అక్కయ్య కొడుకు అమెరికాలో ఉంటాడు. వాడికి పల్లీ పడదు. చిన్నప్పుడు ఒక చిక్కీ ముక్క తిని ఊపిరాడక ఆసుపత్రి పాలైనవాడు. జేబులో సూదిమందు లేకుండా గడప దాటడు. ఈసారి సూదిమందుతోపాటు అరచేతిలో ఇమిడే ఒక పరికరాన్ని కూడా తెచ్చుకున్నాడు. అనుమానం ఉన్న పదార్థాన్ని బఠాణీ గింజంత తీసి ఒక చిన్న గుళికలో వేసి, మూత బిగించి, పరికరంలో దూర్చాలి. కొద్ది నిమిషాలలో పల్లీ ఉన్నదీ లేనిదీ చెబుతుంది. గుళిక ఒక్కసారికే పనికివస్తుంది. ప్రయాణంలో చాలా గుళికలు ఖర్చయి, పెళ్ళిభోజనం వేళకు రెండు మిగిలాయి. బంతిలో వంటకాలు ఇరవైకి తక్కువ లేవు.

మన భోజనంలో పల్లీ ఎక్కడెక్కడ దాగి ఉంటుందో ఒకసారి లెక్క వేయండి. పులిహోరలో బాహాటంగా కనిపిస్తుంది. బగారా బైంగన్‌లో, మిర్చీ కా సాలన్‌లో నువ్వులతో, కొబ్బరితో కలిసి నూరుకుపోయి రూపం మార్చుకుంటుంది. వేపుళ్ళ మీద పొడిగా రాలుతుంది. పచ్చళ్ళకు చిక్కదనమవుతుంది. బాగా శుద్ధిచేసిన నూనెలో మాంసకృత్తులు దాదాపు ఉండవు గానీ, గానుగ నూనెలో మిగిలే అవకాశం ఉంది. ఇరవై వంటకాలకు రెండు గుళికలు! మావాడు వాటిని చేతిలో పట్టుకొని నా వంక చూశాడు. “మామయ్యా, దేన్ని పరీక్షించమంటావు?” అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

ఆ ప్రశ్న వెనుక శతాబ్దం దాటిన చరిత్ర ఉంది. 1901లో మొనాకో రాజు ఆల్బర్ట్ ఓడ మీద సముద్రజీవుల విషాన్ని పరిశోధించడానికి వెళ్ళిన ఫ్రెంచి శాస్త్రవేత్తలు పోర్టియే, రిషే తరువాత ఒక వింతను గమనించారు. మొదటిసారి విషాన్ని తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తరువాత అదే విషం అతి స్వల్పంగా తగిలినా నిమిషాలలో చనిపోయింది. రక్షణ పెరగవలసింది పోయి తలకిందులైందన్న అర్థంలో 1902లో వారు దానికి ‘అనాఫిలాక్సిస్’ అని పేరు పెట్టారు. రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. 1921లో ప్రౌస్నిట్స్, చేపలు పడని తన సహచరుడు క్యూస్ట్నర్ రక్తరసాన్ని తన పొట్ట చర్మంలోకి ఎక్కించుకొని, మరునాడు అదే చోట చేపల సారాన్ని గుచ్చుకున్నాడు. చర్మం ఎర్రబారి దద్దురు లేచింది. పడకపోవడానికి కారణమైనదేదో రక్తంలో ఉందని రుజువైంది. అది ఐజీఈ అనే ప్రతిరక్షకమని తేలడానికి 1960ల దాకా, ఇషిజకా దంపతుల కృషి దాకా ఆగవలసి వచ్చింది.

ఇదంతా మనిషి ఒంటిని పరీక్షించే చరిత్ర. తిండిని పరీక్షించే చరిత్ర వేరొక దారిన వచ్చింది. ఏ పదార్థానికైనా సరిగ్గా అతుక్కొనే ప్రతిరక్షకాన్ని జంతువులో పుట్టించవచ్చు. దాన్నే పట్టీగా వాడుకొని ఆ పదార్థం ఉనికిని కనిపెట్టవచ్చు. యాలో, బెర్సన్ 1950ల చివర రేడియోధార్మికతతో ఈ పని చేశారు. 1971లో స్టాక్‌హోంలో ఎంగ్‌వాల్, పెర్ల్‌మన్, అదే కాలంలో నెదర్లాండ్స్‌లో మరొక జట్టు రేడియోధార్మికతకు బదులు రంగు పుట్టించే ఎంజైమును వాడారు. అదే ఎలీసా. 1975లో కోలర్, మిల్‌స్టీన్ ఒకే రకం ప్రతిరక్షకాన్ని కావలసినంత తయారుచేసే ఉపాయం కనిపెట్టారు. 1980ల చివరకు ఇదంతా ఒక కాగితపు పట్టీలోకి దిగి, ఇంటిలో చేసుకొనే గర్భపరీక్షగా అంగళ్ళలోకి వచ్చింది. కోవిడ్ రోజులలో మనమందరం ముక్కులో పుల్ల పెట్టుకొని చూసిన రెండు గీతలు దాని సంతానమే.

పట్టీ పని తీరు సులువు. ఆహారాన్ని ద్రావకంలో కలిపి ఒక చివర చుక్క వేస్తే, అది ఒత్తిలో నూనె పాకినట్టు పాకుతుంది. దారిలో రంగు కణాలు తగిలించిన ప్రతిరక్షకాలు పల్లీ మాంసకృత్తును పట్టుకుంటాయి. ముందు గీత దగ్గర కాపు కాసే మరొక ప్రతిరక్షకం ఆ జంటను ఆపుతుంది. అక్కడ గీత కనబడుతుంది. అయితే మాంసకృత్తు మరీ అధికంగా ఉంటే రెండు ప్రతిరక్షకాలూ విడివిడిగా నిండిపోయి గీత వెలవెలబోతుంది. వేయించినప్పుడు మాంసకృత్తు రూపం మారి పరీక్షకు అందకపోవచ్చు. అన్నిటికీ మించి, పరీక్ష జరిగేది ఆ బఠాణీ గింజంత ముద్దకే. గిన్నె అవతలి అంచున ఏముందో పట్టీకి తెలియదు.

ఈ పట్టీని సామాన్యుడి జేబులోకి చేర్చే ప్రయత్నాలు గత దశాబ్దంలో ఊపందుకున్నాయి. 2012లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఓజ్కాన్ బృందం ఫోనుకు తగిలించే, 40 గ్రాముల బరువున్న ‘ఐట్యూబ్’ను చూపింది. పల్లీ పరీక్షకు 20 నిమిషాలు పట్టేది. 2017లో హార్వర్డ్ పరిశోధకులు తాళంచెవుల గుత్తికి తగిలించుకోదగ్గ ‘ఐఈట్’ను ప్రకటించారు. అది పల్లీ, హేజెల్ గింజ, గోధుమ, పాలు, గుడ్డు అనే ఐదింటిని పది నిమిషాలలోపు చూస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టిన ‘నీమా’ మొదట గ్లూటెన్‌కు, 2018లో పల్లీకి పరికరాలను అమ్మకానికి తెచ్చింది.

ఇక మన గడ్డ సంగతి. పల్లీని పట్టీ మీద పరీక్షించడం మనకు కొత్త కాదు. కాకపోతే మనవాళ్ళు వెతికింది పల్లీని కాదు, పల్లీలోని బూజు విషాన్ని. 1974 చివరలో రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాలలో కామెర్లు చెలరేగి 397 మంది జబ్బుపడితే 106 మంది చనిపోయారు. అకాల వర్షాలకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నలోని అఫ్లటాక్సిన్ అందుకు కారణమని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, భట్ తదితరులు 1975లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. పటాన్‌చెరువులో 1972లో వెలసిన ఇక్రిశాట్‌లో వైరస్ శాస్త్రవేత్త డి.వి.ఆర్. రెడ్డి బృందం ఈ విషానికి సొంతంగా ప్రతిరక్షకాలు తయారుచేసి, చౌకగా ఎలీసా చేసే పద్ధతిని రూపొందించింది. మన మిరపకాయలలో విషం పాలెంతో 2001లో వారు ప్రచురించిన లెక్కలు ఆ కృషి ఫలమే. 2016లో ఇక్రిశాట్ పొలం గట్టున వాడదగ్గ పట్టీని ప్రకటించింది. ఖర్చు 2 డాలర్లలోపు. వంద కోట్ల పాళ్ళలో పది పాళ్ళ విషాన్ని పసిగడుతుంది.

విషం అందరికీ విషమే. పడని వస్తువు ఒక్కరికే విషం. అందుకే ఒకదానికి పట్టీ వచ్చింది, మరొకదానికి రాలేదు. అందరి ప్రాణానికీ ముప్పు ఉన్నచోట ప్రభుత్వమూ, ఎగుమతిదారూ కదులుతారు. బంతిలో కూర్చున్న ఒక్క పిల్లవాడి కోసం కదిలేదెవరు?

ఈ ప్రశ్న శామీర్‌పేటలో మరింత పదునుగా తోస్తుంది. తుర్కపల్లి వద్ద 1999లో మొదలైన నాలెడ్జ్ పార్కు, దాని చుట్టూ పెరిగిన జీనోం వ్యాలీ ఇక్కడే ఉన్నాయి. ప్రపంచానికి టీకాలు పంపుతున్న నేల ఇది. కోవాక్సిన్ పుట్టింది ఇక్కడే. 2008లో బిట్స్ ప్రాంగణమూ వచ్చింది. ప్రతిరక్షకాలతో పనిచేయడం తెలిసిన చేతులకు ఇక్కడ కొదువ లేదు.

అయితే పశ్చిమదేశాల పట్టీని తెచ్చి పేరు మారిస్తే సరిపోదు. మనకు పడనివి వేరు. మైసూరు పరిశోధకులు 2008లో ప్రచురించిన సర్వేలో 741 మందిని అడిగితే, 9.2 శాతం మందిలో వంకాయకు ప్రతిస్పందన కనబడింది. శనగ పడనివారి గురించి మన దేశపు వైద్యులు ముందే రాశారు. వంకాయకు, శనగకు జేబు పరికరం నేను ఎక్కడా చూడలేదు. ఇంకొక సంగతి: కర్ణాటకలో పెద్దలపై జరిగిన అధ్యయనంలో 26.5 శాతం మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి ఐజీఈ ఉన్నా, నిజంగా తిండి పడనివారు 1.2 శాతమే అని తేలింది. రక్తపరీక్షలో గీత కనబడినంత మాత్రాన పిల్లల పళ్ళెంలోంచి తిండి లాగేయకూడదన్నమాట.

చట్టం చూద్దాం. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం పొట్లం మీద గ్లూటెన్ ధాన్యాలు, పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతి, పల్లీ, గింజపప్పులు, సోయా, సల్ఫైటు ఉంటే చెప్పాలి. ఆ జాబితాలో నువ్వులు, ఆవాలు లేవు. నువ్వులు లేని సాలన్, ఆవాలు లేని తాలింపు మనకుందా? భోజనశాలల విషయానికొస్తే ఆ బాధ్యత పెద్ద గొలుసు సంస్థలకే. పెళ్ళిబంతికి లేబులు లేదు.

మళ్ళీ ఆ పెళ్ళికి వస్తాను. మావాడు రెండు గుళికలనూ జేబులో వేసుకొని వంటశాలలోకి నడిచాడు. వెనుకే నేను. పొగలో నిలబడ్డ ముసలి వంటాయన సంగతంతా విన్నాడు. “పల్లి ఎండ్ల లేదో అడుగుండ్రి సారూ, జల్ది జెప్త. అన్నం, పప్పు, పెరుగు. గంతే” అన్నాడు. ఇరవై వంటకాలకు ఒక్క ఊపిరిలో పరీక్ష అయిపోయింది. మావాడి మొహం తేలికపడింది.

అప్పుడాయన పప్పు గిన్నెలోని గరిటెను చూశాడు. ఒక క్షణం ఆగాడు. దాన్ని తీసి పక్కన పడేసి, “ఇది సాలన్ల పెట్టి తీసిన్రు. ఆ పప్పు గుడ వద్దు సారూ” అన్నాడు. లోపలికి వెళ్ళి, పొయ్యి మీద ఉన్న వేరే గిన్నెలోంచి కొత్త గరిటెతో పప్పు తెచ్చి పెట్టాడు.

మిగిలిన రెండు గుళికలలో ఒకటి ఆ పప్పుకే వాడాడు మావాడు. పల్లీ లేదని వచ్చింది. వంటాయన పరికరం వైపు చూసి నవ్వాడు. అందులో వేళాకోళం లేదు. తన మాటకు సాక్షి దొరికినప్పటి నవ్వది. మనకు పరికరమూ కావాలి, ఆ గరిటెను గమనించే కన్నూ కావాలి. మొదటిది తుర్కపల్లిలో తయారు కావచ్చు. రెండవది ప్రతి వంటింటిలోనూ తయారు కావాలి.

మీ ఇళ్ళలో ఎవరికి ఏది పడదో, మీ ఊళ్ళలో దాన్ని ఏ మాటతో చెబుతారో రాయండి. మన జాబితా మనమే రాసుకోవాలి కదా.