తుపానుకి ముందే లెక్క

1996 నవంబరు 6న కోనసీమ మీద తుపాను విరుచుకుపడినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. తెల్లారేసరికి మా కొబ్బరితోట నేలమీదుంది. అయితే నాకు గాలి హోరుకన్నా ఆ తర్వాత వచ్చిన లెక్కలే ఎక్కువ గుర్తు. ఎవరి చెట్లు ఎన్ని పడ్డాయో, ఎవరి ఇల్లు పూర్తిగా పోయిందో, ఎవరిది సగమే పోయిందో రాసుకుంటూ మనుషులు తిరిగారు. జాబితాలో పేరు ఎక్కడం ఒక ఎత్తు, డబ్బు చేతికందడం ఇంకో ఎత్తు. నాన్న చెప్పులు అరిగింది ఆ రెండోదానికే.

నేను బ్రిస్బేన్‌లో స్థిరపడ్డాక, 2015 మార్చిలో, సముద్రానికి అవతలనున్న వనువాటు దేశాన్ని పామ్ తుపాను ఊడ్చేసింది. నష్టం సుమారు 45 కోట్ల అమెరికన్ డాలర్లు. అంటే ఆ దేశ వార్షికోత్పత్తిలో 64 శాతం. ఇల్లిల్లూ తిరిగి నష్టం లెక్క తేల్చకముందే ప్రభుత్వానికి 19 లక్షల డాలర్ల బీమా సొమ్ము అందింది. అంతకుముందు ఏడాది ఇయాన్ తుపాను తర్వాత టోంగాకి 12.7 లక్షలు ఇలాగే వచ్చాయి. నష్టంతో పోలిస్తే అది ఏ మూలకీ రాదు. కానీ మొదటి వారాల్లో మంచినీళ్లకీ మందులకీ పనికొచ్చేది చేతిలో ఉన్న డబ్బే కదా!

దీని వెనుక ఉన్న ప్రాంతీయ సంస్థ పుట్టింది మన ఆస్ట్రేలియాలోనే. 1947లో కాన్బెర్రాలో ఆరు వలస ప్రభుత్వాలు ఒప్పందం చేసుకుని దక్షిణ పసిఫిక్ కమిషన్‌ని పెట్టాయి. ఏ దీవుల కోసం పెట్టారో ఆ దీవుల ప్రభుత్వం ఒక్కటీ సంతకం చేసినవాటిలో లేదు. తర్వాత స్వతంత్రమైన దేశాలు సభ్యులుగా చేరాక అది వాళ్లదయింది. పేరు కూడా పసిఫిక్ కమ్యూనిటీగా మారింది. 2007లో ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు ఈ సంస్థతో కలిసి బీమా ప్రయత్నం మొదలుపెట్టాయి. అదే ఏడాది కరీబియన్ దేశాలు ప్రపంచ బ్యాంకు సాయంతో ఉమ్మడి బీమా నిధిని తెరిచాయి. కిటుకు ఒకటే: ఒక్క ఏడాదిలో అన్ని దీవులూ మునగవు కాబట్టి, అందరూ కలిసి కొంటే ప్రీమియం తగ్గుతుంది.

కానీ అక్కడ ఏముందో తెలియకుండా ఏ కంపెనీ బీమా చేస్తుంది? బ్యాంకులు డబ్బు తేగలవు గానీ, ఏ ఊళ్లో ఎన్ని ఇళ్లున్నాయో వాటికేం తెలుసు? ఆ పనిలో పసిఫిక్ కమ్యూనిటీవాళ్లు దిగారు. 1903 నుంచి మద్రాసు ఓడల్లో మన తెలుగు కూలీలు చేరిన ఫిజీలోనే, సువాలో, వాళ్ల శాస్త్రవేత్తల కార్యాలయం ఉంది. సుమారు 80 వేల కట్టడాలను స్వయంగా వెళ్లి చూశారు. ఉపగ్రహ చిత్రాల మీద మరో నాలుగున్నర లక్షల కప్పులు గీశారు. పంటల్ని కూడా వదల్లేదు. మా వృత్తిలో దీన్ని డేటా ఎంట్రీ అని చులకన చేస్తాం గానీ, మొత్తం పథకం నిలబడింది దానిమీదే. తుపాను దారి, గాలివేగం కంప్యూటర్‌కి ఇస్తే అది నష్టాన్ని అంచనా వేస్తుంది. ముందే ఒప్పుకున్న గీత దాటితే సొమ్ము వస్తుంది. తొలి ఏళ్లలో ప్రీమియం చాలావరకు జపాన్ కట్టింది.

ఇదంతా ఫోనులో చెబితే నాన్న శ్రద్ధగా విని, "కొబ్బరిచెట్లు కూడా రాసుకున్నారా?" అన్నారు. రాసుకున్నారన్నాను.

"మరి ఆ గీత దాటలేదంటే ఎవర్ని అడగాలిరా? మాకు తిట్టుకోడానికి కనీసం ఒక గుమాస్తా ఉండేవాడు."

అప్పుడు సోలమన్ దీవుల సంగతి చెప్పాల్సొచ్చింది. 2013 ఫిబ్రవరిలో శాంతాక్రజ్ దీవుల దగ్గర 8 తీవ్రతతో భూకంపం, వెంటనే సునామీ వచ్చాయి. బీమా సొమ్ము రాలేదు. 2014 ఏప్రిల్‌లో వరద వాళ్ల రాజధాని హోనియారాని ముంచింది. దానికీ రాలేదు. ఆ దేశం పథకం నుంచి తప్పుకుంది.